మూడులో చెరిపిన మెలిక

మోసి మోసి అలసిపోయాను. మీకు ముందుగా చెప్పాల్సిన మాట ఇదే. పాపం కడుక్కుందామనో, నలుగురిలో మంచిదాన్ని అనిపించుకుందామనో ఇది రాయడం లేదు. ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని చంటిబిడ్డలా చంకనేసుకుని తిరిగాను. పొయ్యి దగ్గర, బస్సులో, పెళ్లిళ్లలో, దవాఖానా వరండాల్లో, ఎక్కడికెళ్లినా అది నాతోనే ఉంది. ఇక చేతులు నొప్పిపుడుతున్నాయి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఇలాంటి మాట చెప్పుకోవడానికి అదే నయం.

విషయం చిన్నదే. మా ఆయన తన కళ్లను తాను నమ్మడు. దానికి కారణం నేను. ఆ సంగతి ఆయనకు తెలియదు.

నమ్మడు అంటే ఎలాగో చెబుతాను. ఆయనది బైకుల మెకానిక్ షాపు. మా ఇంటి ముందే, దమ్మపేట వెళ్లే రోడ్డు మీద. పనిలో వంక పెట్టడానికి లేదు. కానీ అంకె కనపడితే చాలు, ఆగిపోతాడు. స్పేర్ పార్టు డబ్బా మీద నంబరు, కరెంటు బిల్లు, ఎవరో చిత్తుకాగితం మీద రాసిచ్చిన ఫోన్ నంబరు, ఏదైనా సరే, నూనె చేతులు గుడ్డకు తుడుచుకుని లోపలికి వస్తాడు. "ఇది మూడా, రెండా? జర చూసి చెప్పు" అంటాడు. నేను చూసి చెబుతాను. ఆయన నమ్మి వెళ్లిపోతాడు. మా అమ్మాయి చిన్నప్పుడు పలక పట్టుకుని అంకెలు దిద్దించమని ఒళ్లోకి ఎక్కితే, "మీ అమ్మనడుగు బిడ్డా, నాకు సక్కగ కనవడయ్" అని దింపేశాడు. కన్నకూతురికి ఒకటి రెండు నేర్పని తండ్రి మా ఊళ్లో ఆయనొక్కడే అయి ఉంటాడు.

షాపు దగ్గర కూర్చునేవాళ్లకు ఇదొక వేడుక. ఆయన్ను "రెండుమూడన్న" అని పిలుస్తారు. చాయ్ చెప్పేటప్పుడు, "రెండా మూడా అన్నా? పోయి వదిననడిగి రా" అని నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు. కొత్తగా వచ్చినవాళ్లు కూడా ఇప్పుడు రెండుమూడన్న షాపు ఎక్కడ అనే అడుగుతున్నారు. నేను మాత్రం నవ్వలేను. తేలు కుట్టిన దొంగ ఏం నవ్వుతాడు?

ఆయన నాకు మేనత్త కొడుకు. బావ అని పిలుస్తాను, ఇక్కడా అలాగే రాస్తాను. పేర్లు వద్దు. మా ఊరు దమ్మపేటకూ ములకలపల్లికీ మధ్య, పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది. పత్తి కట్టె పీకేశాక, మక్కజొన్న కోసేశాక ఇక్కడి చేలు ఖాళీగా పడి ఉంటాయి. ఒకప్పుడు కుర్రాళ్లు సరదాకు ఆ చేలల్లో బైకులు దౌడు తీయించేవారు. తర్వాత ఎవరో ట్రాక్టరు పెట్టి మట్టి గుట్టలు పోశారు, మలుపులు కట్టారు, మైకు తెచ్చారు. చూస్తుండగానే అది సీజన్ అయి కూర్చుంది. చలికాలంలో మొదలై ఎండలు ముదిరేలోపు ఊరికో రౌండు. వచ్చిన స్థానాన్ని బట్టి పాయింట్లు. అన్ని రౌండ్లూ కలిపి ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లు చాంపియన్. టీవీలో చూపించే రేసుల ముందు ఇదెంత అంటారేమో. నిజమే, ఇదెంత. కానీ ఖమ్మం నుంచి, వరంగల్ నుంచి, ఆంధ్రా వైపు నుంచి కూడా బండ్లు ఆటోల్లో వేసుకుని వచ్చేవారు. ఆ ఎర్రమట్టిలో బావ బండి నడుపుతుంటే చూడటానికి ముసలమ్మలు కూడా గొడుగులు వేసుకుని వచ్చేవారు.

ఆ రేసులో ఒక చిక్కుంది. ఒకరి వెనక ఒకరు దుమ్ములో పోతుంటే, తానెన్నో స్థానంలో ఉన్నాడో నడిపేవాడికి తెలియదు. ముందు దుమ్ము కనపడుతుంది గానీ ఆ దుమ్ము ఎవరిదో కనపడదు. హెల్మెట్ లోపలికి మైకు వినపడదు. అందుకని ప్రతివాడి తరఫునా ఒక మనిషి ట్రాక్ పక్కన నిలబడి, చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా అంకె రాసిన బోర్డు చూపిస్తాడు. బావకు బోర్డు చూపించేది నేను. మాది బోర్డు కూడా కాదు, పిల్లలు దిద్దుకునే పలక. నేనప్పుడు అంగన్‌వాడీలో పనిచేసేదాన్ని, పలకలకూ సుద్దముక్కలకూ కొదవ లేదు.

మా పలక మీద అంకెలు అందరి అంకెలు కావు. మా తాత పాల లెక్క గోడ మీద బొగ్గుతో తెలుగు అంకెల్లో రాసేవాడు. ౧, ౨, ౩. చిన్నప్పుడు అవి చూసి నేర్చుకున్నాను. మా ఈడువాళ్లలో వాటిని చదవగలిగినవాళ్లు మా చుట్టుపక్కల లేరు. పెళ్లయిన కొత్తలో బావకు నేర్పాను. మన లెక్క పక్కవాళ్ల మనుషులకు తెలియకూడదని ఆయన ఆలోచన. నాకైతే అదొక ముచ్చట. నడింట్లో పలక పెట్టుకుని, మీసాలున్న మగవాడి చేత ఒకటి రెండు దిద్దించడం, ఆయన తల గోక్కోవడం. రెండుకూ మూడుకూ ఒక్క మెలికే తేడా. "ఈ మెలికేంది పిల్లా, పాము లెక్క?" అనేవాడు. తర్వాత బాగా పట్టుబడ్డాయి. ఎంత దుమ్ములోనైనా, ఎంత వేగంలోనైనా ఒక్క చూపులో చదివేవాడు. నా అక్షరం ఆయన ఎప్పుడూ తప్పు చదవలేదు. ఒక్కసారి కూడా.

ఆ ఏడాది నడిపినట్టు ఆయన అంతకు ముందెప్పుడూ నడపలేదు. చివరి రౌండు ములకలపల్లి అవతల, అడవిని ఆనుకున్న చేలల్లో. అప్పటికి పాయింట్లలో బావ ముందున్నాడు, వెనకాలే ఖమ్మం కుర్రాడు ఉన్నాడు. లెక్క తేలికే. ఖమ్మం కుర్రాడు రేసు గెలిచినా సరే, బావ రెండో స్థానంలో వస్తే చాలు, చాంపియన్ ఆయనే. మూడో స్థానంలో వస్తే పోయినట్టే. ఆ ఏడు చాంపియన్‌ను కోయంబత్తూరులో ఒక టీమ్ తీసుకుంటామని చెప్పింది. జీతం, మంచి బండి, దేశంలోని పెద్ద ట్రాకుల మీద పోటీలు. బావకు అప్పటికే వయసు మీరుతోంది. ఆ పనిలో ముప్పై దాటినవాడిని ఎవరూ కొత్తగా తీసుకోరు. మరో ఏడాది అంటూ లేదని మా ఇద్దరికీ తెలుసు. ఆయన నిద్రలో కూడా గేర్లు మార్చేవాడు, కాలితో మంచం కోడును తన్నేవాడు.

రేసు ముందురోజు సాయంత్రం ఆ టీమ్ మేనేజరు మా ఇంటికి వచ్చాడు. మంచివాడే. వచ్చీరాని తెలుగులో మాట్లాడుతూ బండి చూశాడు, బావ భుజం తట్టాడు. నేను చాయ్ ఇచ్చాను. బావ గొప్పగా మా పలక సంగతి చెప్పాడు, తెచ్చి చూపించాడు కూడా. మేనేజరు పలకను అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. మా దగ్గర దీనికి మనుషులున్నారు, పెద్ద బోర్డులున్నాయి, అమ్మగారు హాయిగా ఇంట్లో కూర్చుని టీవీలో చూడొచ్చు అన్నాడు. బావ కూడా నవ్వాడు. అంతే. ఆ నవ్వులో చెడు లేదు. అంత పెద్ద మనిషి ముందు ఎవరైనా అలాగే నవ్వుతారు. నేను గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లాను. కడుగుతుంటే ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో అప్పుడు నన్ను నేను అడగలేదు.

మర్నాడు పొద్దున ప్రాక్టీసులో ఒకతను పడ్డాడు. ట్రాక్ చివర్లో ఒక మలుపుంది. మట్టి జారిపోకుండా దాని బయటి అంచున తాటిమొద్దులు పాతారు. ముందున్న బండిని దాటాలంటే ట్రాక్ మొత్తానికీ అదొక్కటే చోటు. లోపలి నుంచి దూరాలి, దూరినప్పుడు బండి మొద్దుల వైపు జారుతుంది. అతను అలా జారి మొద్దుకు కొట్టుకున్నాడు. కాలు ఉండకూడని వైపుకు తిరిగి ఉంది. నేను దగ్గరే ఉన్నాను, చూశాను. జీపులో వేసి భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లారు. అతని భార్య చెప్పుల్లేకుండా జీపు వెనకాల పరిగెత్తింది. నా తప్పును తేలిక చేసుకోవడానికి ఇది చెప్పడం లేదు. అందుకే చెబుతున్నానేమో కూడా. నాకే తెలియదు.

రేసు మొదలైంది. ఇప్పపూలు రాలే రోజులు. పూలు ఏరుకోవడానికి పొద్దున్నే అడవిలోకి వెళ్లిన ఆడవాళ్లు బుట్టలతో వచ్చి గట్టు మీద కూర్చున్నారు. బావ చాలాసేపు రెండో స్థానంలోనే ఉన్నాడు. నేను ౨ చూపిస్తూనే ఉన్నాను. సగం దాటాక, ట్యాంకరు నీళ్లు చల్లిన చోట ఇద్దరు ముగ్గురు ఒకరి మీద ఒకరు పడ్డారు. వాళ్లను తప్పించబోయి బావ పత్తి చేలోకి దూసుకుపోయి, మళ్లీ ట్రాక్ ఎక్కాడు. ఆ గందరగోళంలో వరంగల్ అబ్బాయి ఒకడు ముందుకు వెళ్లిపోయాడు. బావ అది చూడలేదు. మైకులో చెప్పారు. నేను విన్నాను, కళ్లతో చూశాను కూడా. అందరికంటే ముందు, చాలా దూరంలో, ఖమ్మం కుర్రాడు. తర్వాత వరంగల్ అబ్బాయి. తర్వాత బావ.

బావకు ముందు ఒక్క బండి దుమ్ము కనపడుతోంది. తాను రెండో స్థానంలో ఉన్నట్టయితే ఆ దుమ్ము ఖమ్మం కుర్రాడిది, దాన్ని వదిలేసినా టైటిల్ ఎక్కడికీ పోదు. మూడో స్థానంలో ఉన్నట్టయితే అది వరంగల్ అబ్బాయిది, ప్రాణం పెట్టి దాటాలి. దాటాలంటే ఆ మొద్దుల మలుపు దగ్గరే దాటాలి. ఏది నిజమో ఆయనకు చెప్పగలిగింది నా చేతిలో ఉన్న పలక ఒక్కటే.

నేను ౩ రాశాను. నమ్మండి, ముందు నిజమే రాశాను. రాసి, పలక గుండెకు ఆనించుకుని నిలబడ్డాను. అవతలి మలుపులో బావ బండి శబ్దం వినపడింది. అప్పుడు బొటనవేలు నాలుకకు అద్దుకున్నాను. మూడులోని ఆ మెలిక మీద పెట్టి రుద్దాను. కొసను సుద్దతో సరిచేశాను. పలక పైకెత్తాను.

౨.

ఆయన తల తిప్పి చూశాడు. చూసి తలూపాడు. ఆ దుమ్ము వెంట పడలేదు. మలుపు దగ్గర నెమ్మదించి, బండిని కాపాడుకుంటూ జాగ్రత్తగా పోయాడు. తర్వాతి చుట్టులోనూ అదే చూపించాను. చివరి చుట్టులోనూ అదే. ఒక్కసారైతే చెయ్యి తప్పిందనుకోవచ్చు, మతి తప్పిందనుకోవచ్చు. మళ్లీ మళ్లీ చేసినదాన్ని ఏమనాలి?

గీత దాటగానే ఆయన చెయ్యి పైకెత్తాడు. గెలిచాననుకున్నాడు. హెల్మెట్ తీసి, మొహమంతా ఎర్రమట్టితో నా వైపు చూసి నవ్వాడు. మైకులో ఖమ్మం కుర్రాడిని చాంపియన్ అని చదివేదాకా ఆ నవ్వు అలాగే ఉంది. ఆ కాస్త వ్యవధిలో నేను చేయాల్సింది చేసేశాను. కొంగుతో పలక తుడిచేశాను.

ఆయన బండి అక్కడే పడేసి నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వు రెండు చూపెట్టినవ్ కద?"

"లే బావా. మూడే చూపెట్టిన."

"మూడా?"

"అవ్. మూడే."

హెల్మెట్‌తో పాటు తీసిన దుమ్ము కళ్లద్దాలు చూసుకున్నాడు. చొక్కాకు తుడిచాడు. మళ్లీ చూసుకున్నాడు.

"నాకు రెండు లెక్కనే కనవడ్డది" అన్నాడు మెల్లగా.

"దుమ్ముల గట్లనే కనవడుతది తియ్" అన్నాను.

"అయితే తప్పు నాదే. నా కండ్లే నన్ను మోసం జేసినయ్."

అంతే మా మధ్య నడిచిన మాటలు. ఆయన నన్ను అనుమానించలేదు. ఒకసారి గట్టిగా అడిగి ఉంటే చెప్పేసేదాన్నేమో. చూశారా, మళ్లీ తప్పు ఆయన మీదికే తోస్తున్నాను. మెలిక తుడవడం ఒక క్షణంలో అయిపోయింది. దుమ్ములో అలాగే కనపడుతుందని అన్నానే, ఆ మాట మాత్రం అయిపోలేదు. అది ఇప్పటికీ జరుగుతూనే ఉంది. ఆయన ఏదో డబ్బా పట్టుకుని లోపలికి వచ్చిన ప్రతిసారీ నేను ఆ మాట మళ్లీ అంటున్నట్టే.

మేనేజరు ఖమ్మం కుర్రాడిని తీసుకుపోయాడు. కొన్నాళ్లకు బావ ఖమ్మం వెళ్లి కళ్లు చూపించుకుంటానన్నాడు. ఇద్దరం వెళ్లాం. మిర్చి మార్కెట్ జోరుగా ఉన్న రోజులు. బస్సులో అందరూ తుమ్ముతున్నారు, కళ్లు తుడుచుకుంటున్నారు. నా కళ్లు ఎందుకు కారుతున్నాయో ఎవరూ పట్టించుకోలేదు. డాక్టరు అన్నీ చదివించి, కళ్లు బాగున్నాయన్నాడు. బావ ఒప్పుకోలేదు. ఇంగ్లీషు అక్షరాలు కనపడుతున్నాయి సార్, మన అంకెలే కనపడలేదు అన్నాడు. డాక్టరుకు అది అర్థం కాలేదు. పట్టుబడితే, దుమ్ము పడకుండా ఉంటుందని సాదా అద్దాల జోడు ఇచ్చారు. ఆ తర్వాత అలాంటివే ఎన్ని మార్చాడో. అవసరం లేని జోడు పెట్టుకుని తిరుగుతున్న మనిషి మొహం రోజూ చూస్తాను.

మరుసటి ఏడు మళ్లీ రమ్మని అడిగారు. కంటి మీద నమ్మకం లేనివాడు నడిపితే తనకూ ముప్పే, పక్కవాడికీ ముప్పే అని మానేశాడు. బండి అమ్మేశాడు. షాపు పెట్టాడు. నేను కోరుకున్నది ఇదే కదా? మనిషి కళ్లెదుటే ఉన్నాడు, కాళ్లూ చేతులూ చక్కగా ఉన్నాయి, మధ్యాహ్నం వేడన్నం తింటున్నాడు. కోరుకున్నది దొరికాక నాకు ముద్ద ఎందుకు దిగదు?

చెప్పడానికి ప్రయత్నించకపోలేదు. ఒకసారి భద్రాచలం వెళ్లాం. గోదాట్లో మునిగి లేచి, తడి బట్టలతో మెట్ల మీద కూర్చున్నప్పుడు చెప్పేద్దామనుకున్నాను. "బావా" అన్నాను. ఆయన తిరిగి చూశాడు. "ఆకలైతుందా?" అన్నాడు. అవునన్నాను. పులిహోర తిన్నాం. ఇంటికి వచ్చేశాం. ఇలా ఎన్నిసార్లో. మింగలేను, కక్కలేను. ప్రతిసారీ ఏదో ఒకటి తిని ఊరుకునేదాన్ని.

ఎందుకు చేశాను? చాలా ఏళ్లు ఒకటే జవాబు చెప్పుకున్నాను. భయం. ఆ మొద్దులు, ఆ తిరగబడిన కాలు, జీపు వెనక పరిగెత్తిన ఆ అమ్మాయి. మొగుడి ప్రాణం కాపాడుకున్న ఆడదాన్ని ఎవరు తప్పుపడతారు? నాలో నేను పంచాయితీ పెట్టుకునేదాన్ని, పెద్దమనిషినీ నేనే, దోషినీ నేనే. ప్రతిసారీ నిర్దోషిననే తీర్పు. కానీ ఆ రోజు రేసులో ఆ మలుపు దగ్గర ఎవరూ పడలేదు. చివరి చుట్లలో వరంగల్ అబ్బాయి బండి మొరాయిస్తోందని, బావ కాస్త తరిమి ఉంటే వాడే దారి ఇచ్చేవాడని తర్వాత అందరూ అన్నారు. ఆయన ప్రాణం నేను దేని నుంచి కాపాడినట్టు?

ఇంకో జవాబు ఉంది. దాన్ని ఎప్పుడూ పంచాయితీకి పిలవలేదు. అమ్మగారు టీవీలో చూడొచ్చు అన్నప్పుడు బావ నవ్విన నవ్వు. నేను నేర్పిన అంకెలు, నా పలక, ఎండలో నేను నిలబడిన రోజులు, అవన్నీ ఆ నవ్వుతో ఇంటి దగ్గరే మిగిలిపోయాయి. పలక లేకపోతే ఆయన రేసులో నేనెవరిని? సద్దిమూట తెచ్చే మనిషిని. బొటనవేలు తడి చేసుకున్నప్పుడు నా కళ్లముందు మొద్దులున్నాయా, ఆ నవ్వుందా? రెండూ ఉన్నాయి. ఏది ఎక్కువో నిజంగా తెలియదు. భయం నిజం. అక్కసూ నిజం. భయాన్ని ముందు నిలబెట్టి దాని వెనక అక్కసును దాచానని మాత్రం తెలుసు. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఒక్కోసారి ఆయనకు అంతా తెలుసేమో అనిపిస్తుంది. తెలిసే నన్ను కాపాడటానికి నింద తన కళ్ల మీద వేసుకున్నాడేమో అని. ఆ ఆలోచన వచ్చినప్పుడు కాసేపు హాయిగా ఉంటుంది. కానీ అది నాకు నేను ఇచ్చుకునే లంచం. తెలిసినవాడు కూతుర్ని ఒళ్లోంచి దింపడు.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, లలిత వల్ల. ఆమె ములకలపల్లి అవతల, అడవిలోని కోయ గూడెం పిల్ల. ఈ సీజన్లో అంతమంది మగవాళ్ల మధ్య ఆడపిల్ల ఆమె ఒక్కతే. ఆమె బండి బాగుచేసేది బావే. ఎవరూ అనుకోలేదు గానీ, ఒక్క రౌండు మిగిలి ఉండగా టైటిల్ ఆశ ఉన్నవాళ్లలో ఆమె కూడా ఉంది. పాయింట్లలో తనతో సమంగా ఉన్నవాడి కంటే ముందు రావాలి, అంతే. వాళ్ల గూడెంలో ఈ ఆదివారం కూలికి ఎవరూ వెళ్లరట, అందరూ రేసుకే వస్తారట. ఆమెకు బోర్డు పట్టే అన్న మిర్చి ఏరే ముఠాతో వెళ్లిపోయాడు. అందుకని మొన్న షాపుకు వచ్చి బావను అడిగింది. అన్నా, బోర్డు నువ్వే పట్టాలె, నీ కంటే ట్రాక్ తెలిసినోళ్లు ఎవరున్నరు అంది.

బావ చేతిలో స్పానర్ ఆగిపోయింది. "నా కండ్లను నమ్ముకోకు తల్లీ" అన్నాడు. "ఒకపాలి నమ్ముకొని నేనే ఆగమైన. మీ వదినకియ్యి. ఆమె లెక్క తప్పదు."

నేను వాకిట్లో బియ్యం చెరుగుతున్నాను. లలిత నా వైపు తిరిగి, వస్తావా వదినా అని అడిగింది. తలూపాను. ఇంకేం చేయను? ఆ క్షణం నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఆయన నన్ను తిట్టి ఉంటే ఓర్చుకునేదాన్ని. ఆ పిల్లకు కావలసింది నా చెయ్యి కాదు, ఆయన కళ్లు. గట్టు మీద నిలబడితే ఎంత దుమ్ములోనైనా ఏ బండి ఎవరిదో చెప్పగల కళ్లు. నేను నోరు విప్పకపోతే ఆదివారం ఆమె నన్ను నమ్ముకుని నడపాలి. విప్పితే ఈ ఇల్లు ఏమవుతుంది? ఏమైనా కానీ అనుకునే ధైర్యం లేదు నాకు. ఓపిక అయిపోయింది, అంతే. ధైర్యం అని మీరు పొరబడకండి.

ఇక్కడిదాకా రాసి నిన్న ఆపేశాను. మిగిలింది ఇవాళ రాస్తున్నాను.

పొద్దున చెప్పేశాను. షాపు ఇంకా తెరవలేదు. ఆయన గడప మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఎన్నో మాటలు కూడబలుక్కున్నాను, వాటిలో ఒక్కటీ రాలేదు. "బావా, ఆ దినం నేను మూడు చూపెట్టలే. రెండే చూపెట్టిన. తెలిసే చూపెట్టిన" అన్నాను. అంతే వచ్చింది.

పామాయిల్ గెలలు వేసుకుని ఒక ట్రాక్టరు పోయింది. దాని చప్పుడు పూర్తిగా తగ్గేదాకా ఆయన రోడ్డు వైపే చూశాడు.

"అయితే నాకు కనవడ్డది రెండేనా?" అన్నాడు.

"రెండే బావా."

"మంచిగనే కనవడ్డదా?"

"మంచిగనే కనవడ్డది."

ఎందుకు చేశావని అడుగుతాడని నిలబడి ఉన్నాను. అడగలేదు. సగం తాగిన గ్లాసు గడప మీద పెట్టి లేచి షాపులోకి వెళ్లాడు. మధ్యాహ్నం అన్నానికి రాలేదు. అమ్మాయి చేత పంపిస్తే తిన్నాడట. సాయంత్రం లలిత వస్తే, ఆదివారం తానే వస్తానని ఆమెతో అనడం విన్నాను. నాతో మాత్రం ఒక్క మాట లేదు. రేపు మాట్లాడతాడో, ఇక ఎప్పటికీ మాట్లాడడో తెలియదు. క్షమించమని నేను అడగలేదు. అడిగే మొహం నాకు లేదు. ఎందుకని ఆయన అడిగిన రోజున భయం సంగతీ చెబుతాను, అక్కసు సంగతీ చెబుతాను. అడగకపోతే అది మీ దగ్గరే ఉంటుంది.

అలసట తీరిందా అంటే, తీరలేదు. ఒళ్లు మాత్రం కాస్త తేలికపడింది. ఆ రోజు ఆయన కళ్లు తప్పు చూడలేదని ఇన్నేళ్లూ ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు ఆయనకూ తెలుసు.